మానసిక చికిత్స : నర్సుల గ్లాని

గుంటూరునుండి విజయవాడకు పోవు రాజమార్గముమీద పెదకాకాని గ్రామమున్నది. మల్లేశ్వరస్వామి దేవాలయమువలనను, బాజీబాబా దర్గావలనను ఆ గ్రామము చుట్టుపట్ల మిక్కిలి ప్రసిద్ధి గాంచినది. ఇంటిలో నొకరికి మతి చలించినప్పుడు, పత్తిచేలను, మిరపచేలను నమ్ముకొని బ్రతుకు మన కుటుంబములు మొదట విచారించునది వైద్యుని యిల్లెక్కడ యని కాదు. ఏ దేవునికి మ్రొక్కుకొనవలెను, ఏ తాయెత్తు కట్టింపవలెను అను ప్రశ్నయే మొదట పుట్టును. దీని నెవ్వరును పరిహసింప నక్కఱలేదు. వైద్యము అందుబాటులో లేనిచోట దేవుడైనను అందుబాటులో నుండుట వారికి గొప్ప యూరట. మ్రొక్కుబడులు తీరినపిమ్మట, అప్పులు పెరిగినపిమ్మట, రోగము ముదిరినపిమ్మట వారు గుంటూరు పెద్దాసుపత్రికో, చినకాకాని, మంగళగిరి ప్రాంతములందు వెలసిన వైద్యకళాశాలల ఆస్పత్రులకో చేరుదురు. అచ్చట వైద్యుడు వచ్చి చూచి, మందు వ్రాసి పోవును. రేయింబవళ్లు రోగితో నుండునది నర్సు. ఆ నర్సుల స్థితి యెట్లున్నదను ప్రశ్న మన శాసనసభలలో గాని, బహిరంగసభలలో గాని తగినంతగా వినవచ్చుటలేదు. నేడు దానినిగూర్చి కొంత విచారింపదలచితిమి.

పనిలో మనస్సు వట్టిపోవు నీ స్థితికి బర్నౌట్ అను ఆంగ్లనామము ప్రచారమున నున్నది. 1974లో న్యూయార్కు నగరమున ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్త్వవేత్త, ఉచిత చికిత్సాలయములలో పనిచేయు సేవకులయందు ఈ లక్షణములను గుర్తించి, ఆ పేరుతో వ్యాసము ప్రకటించెను. తరువాత కాలిఫోర్నియాలో మాస్లాక్ అను విదుషి దీనిని మూడు లక్షణములుగా విడదీసి, 1981లో దీనికొక కొలమానమును వెలువరించెను. మనస్సు వట్టిపోవుట యొకటి. రోగిని మనిషిగా గాక వస్తువుగా చూచుట రెండవది. తాను చేయు పనివలన ప్రయోజన మేమియు లేదను నిస్పృహ మూడవది. మనము దీనిని వృత్తిగ్లాని యనవచ్చును. ఈ పదము లేవియు నెఱుగని మన పల్లెటూరి స్త్రీలు "మనసు మొద్దుబారిపోయినది" అందురు. అర్థమంతయు నందే యున్నది. 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తన రోగముల పట్టికలో దీనిని చేర్చుచు, ఇది రోగము కాదనియు, పనిచేయుచోట ఎడతెగక నిలిచియున్న ఒత్తిడిని సరిగా చక్కబెట్టకపోవుటవలన గలుగు పరిణామమనియు నిర్వచించినది. ఈ నిర్వచనము అల్పవిషయము కాదు. రోగమే యైనచో మందు నర్సున కీయవలెను. పనిచేయుచోట పుట్టిన పరిణామ మైనచో మందు ఆస్పత్రి కీయవలెను.

మానసిక రోగుల వార్డులో పని యెట్టిదో పలువు రెఱుగరు. శస్త్రచికిత్స వార్డులో గాయము మానుట కంటికి కనబడును. పదిదినములలో రోగి నమస్కరించి యింటికి పోవును. ఇచ్చట అట్లు కాదు. నయమై పోయిన రోగి, మందు మానివేసి, ఆఱుమాసములకు మరల వచ్చును. మాత్ర యిచ్చినంత మాత్రమున పని తీరదు; దానిని మ్రింగెనో, నాలుకక్రింద దాచుకొనెనో చూడవలెను. ప్రాణము తీసికొన నుద్దేశించిన రోగి యున్నచో కొలది నిమిషముల కొకసారి పోయి చూచి రావలెను. చీరకొంగు, నడికట్టు, త్రాడు, గాజుపెంకు, ఏది యెక్కడ నున్నదో కనిపెట్టుచుండవలెను. లిథియము వాడు రోగికి చేతులు వణకుచున్నవా, నడక తడబడుచున్నదా యని గమనింపవలెను. ఆ మందు హితముగా నుండు మోతాదునకును, విషముగా మాఱు మోతాదునకును నడుమ దూరము స్వల్పము. తిట్లు వినవలెను. ఒక్కొక్కప్పుడు దెబ్బలు తినవలెను. వీని కన్నిటికంటె కష్టమైనది మఱియొకటి గలదు: వినుట. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి చెప్పునది, అప్పులవాండ్ర భయముచే నిద్రమాలిన రైతు చెప్పునది, ప్రక్కవాడు చెప్పునది, వాని ప్రక్కవాడు చెప్పునది, అంతయు చెవులతో గాక మనస్సుతో వినవలెను. ఇదియే యీ చికిత్సలో సగపా లనవచ్చును. ఈ పనికి రిజిస్టరులో గడి లేదు. కనుక లెక్కకు రాదు.

1960లో ఇసబెల్ మెంజీస్ అను ఆంగ్ల విదుషి లండనులోని యొక బోధనాసుపత్రి నర్సులనుగూర్చి వ్రాసిన వ్యాసము నేటికిని చదువదగినది. అచ్చటి నర్సులు రోగులను పేళ్లతో గాక పడక సంఖ్యలతోడను, రోగము సోకిన అవయవముతోడను పేర్కొనుట యామె గమనించెను. ఇది వారి కఠినత్వము కాదనియు, దుఃఖము తమ్ము ముంచివేయకుండ ఆస్పత్రియే వారికి నేర్పిన యుపాయమనియు, అయితే ఆ యుపాయము వారిని రక్షింపజాలదనియు నామె నిర్ణయము. శిక్షణ పొందువారిలో ఇంచుమించు మూడవవంతు మంది మధ్యలోనే మానివేయుచుండిరి. వారిలో పెక్కుమంది తమంతట తామే మానుకొన్నవారు. మన యాస్పత్రులలో "పన్నెండో నంబరు" అని పిలువబడు రోగి సంగతి యెవ్వ రెఱుగరు?

నర్సులు కసరుకొందురనియు, చేయి తడుపనిదే కదలరనియు మన ప్రజలలో నొక ఫిర్యాదు గలదు. అది వట్టి యభాండమని మేము చెప్పము. లంచమునకు అలసట సాకు కాజాలదు. రోగిపై చేయిచేసికొనుటకు ఏదియు సాకు కాజాలదు. కాని కసరుట వేఱు. ఒకే రాత్రి నలువదిమంది రోగులకు, వారి బంధువులకు జవాబు చెప్పవలసిన మనిషి నలువది యొకటవవానిపై కసరినచో, ఆ తప్పులో కొంతభాగ మామెది. మిగిలిన భాగ మామెను ఒంటరిగా నిలిపినవారిది. ఈ రెండవ భాగమునుగూర్చి యెవ్వరును ఫిర్యాదు వ్రాయరు.

ఈ స్థితి యెట్లు వచ్చినదో తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలెను. ఆంగ్లప్రభుత్వమువారు 1912లో చేసిన ఉన్మాదుల చట్టము ముఖ్యముగా నిర్బంధమునకు సంబంధించినది. రోగిని సంఘమునుండి వేఱుచేసి గోడలలోపల నుంచుట దాని యుద్దేశము. అట్టిచోట కావలివాడు ముఖ్యుడు. నర్సు ముఖ్యురాలు కాదు. 1946లో భోర్ సంఘమువారు తమ నివేదికను సమర్పించునాటికి ఈ దేశమున 43,000 మంది జనులకు ఒక్క నర్సు ఉండెను. మానసిక వైద్యశాలలలో పడకలు, నలువదికోట్ల ప్రజలకు, సుమారు పదివేలు మాత్రమే. స్వరాజ్యము వచ్చినపిమ్మట 1954లో బెంగుళూరునందు అఖిలభారత మానసికారోగ్య సంస్థ నెలకొల్పబడి, వైద్యులతోబాటు నర్సులకును ప్రత్యేకశిక్షణ యీయ నారంభింపబడెను. నేడు నిమ్హాన్స్ అను పేర విఖ్యాతమైన సంస్థ యదియే. కాని 1912 నాటి చట్టము పోయి వేఱొక చట్టము అమలులోనికి వచ్చుసరికి 1993 అయినది. జాతీయ మానవహక్కుల సంఘమువారు 1999లో ప్రకటించిన విచారణ ప్రకారము, దేశములోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలలో నూటికి ముప్పదియెనిమిది ఇంకను కారాగారముల యాకృతిలోనే యుండెను. మానసిక చికిత్సలో శిక్షణ పొందిన నర్సులున్నవి నాలుగవవంతుకంటెను తక్కువ. రెండేండ్లకు, 2001 ఆగస్టు 6వ తేదీని, తమిళనాడులోని ఏర్వాడిలో దర్గాను ఆశ్రయించియుండిన యొక ప్రైవేటు ఆశ్రమమునకు నిప్పంటుకొని, సంకెళ్లతో బంధింపబడియున్న రోగులు కదలలేక, ఇరువదియెనమండుగురు మరణించిరి. ఆ సంకెళ్లు వేసినవారిని దేశమంతయు దూషించినది. సంకెల లేకుండ రోగిని కనిపెట్టవలెనన్న మనుష్యులు కావలెనని తలచినవారు కొలదిమంది.

తలచినవారి మాటయే యొకవిధముగా 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములోనికి ఎక్కినది. 2018 మే 29వ తేదీనుండి అమలులోనున్న యీ చట్టము మంచి చట్టమని మేము నిస్సంశయముగా చెప్పుదుము. రోగి దయకు పాత్రుడు గాక హక్కులకు అధికారి యని అది పలుకుచున్నది. సంకెళ్లు వేయుట పూర్తిగా నిషేధించినది. రోగిని ఒంటరిగదిలో నుంచుట కూడదన్నది; కట్టివేయుట శిక్షగా నెన్నటికిని కూడదన్నది. అంతటితో నాగక, తగినంతమంది సిబ్బంది లేరను కారణమున రోగిని కట్టివేయరాదని గూడ స్పష్టముగా శాసించినది. ఇంత సూక్ష్మముగా ఆలోచించిన శాసనకర్తలను అభినందింపవలసినదే. కాని సిబ్బంది లేనప్పుడు రాత్రి వార్డులో నున్న యొంటరి నర్సు చేయవలసిన దేమి? ఒకడు గోడకు తల కొట్టుకొనుచున్నాడు. వేఱొకతె కిటికీయొద్ద నిలిచి యున్నది. మూడవవానికి మూర్ఛ వచ్చినది. కట్టివేసినచో చట్టమును మీరినది. కట్టివేయక ప్రాణము పోయినచో విధిని మీరినది. రెండింటికిని సంజాయిషీ చెప్పుకొనవలసినది ఆమెయే. చట్టము రోగికిచ్చిన హక్కును ప్రభుత్వము నర్సు భుజములమీదనుండి చెల్లించుచున్నది. వృత్తిగ్లాని యనునది ఇచ్చటనే పుట్టుచున్నది. పని ఎక్కువయగుట యొక్కటియే దీనికి మూలము కాదు. చేయవలసినది తెలిసియుండి చేయలేకపోవుట మనిషిని లోలోపల తినివేయును.

శాసనకర్తలు దీనిని గుర్తింపకపోలేదు. అదే చట్టము ముప్పదియొకటవ సెక్షనులో, జనాభాకు తగినట్లు అంతర్జాతీయ ప్రమాణముల మేరకు మానసికారోగ్య నిపుణులను సమకూర్చుటకు ప్రభుత్వములు పదియేండ్లలోపల ప్రయత్నింపవలెనని యున్నది. ఆ పదియేండ్లు 2028 మే నెలతో ముగియుచున్నవి. "ప్రయత్నింపవలెను" అను పదము న్యాయవాదులకు ఇష్టమైనది. అందులో తప్పించుకొనుటకు చాలినంత సందు గలదు. అయినను గడువనునది గడువే.

ఇప్పుడు లెక్క చూతము. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి 2017 నాటి పట్టికప్రకారము మనదేశమున లక్షమంది జనులకు మానసిక చికిత్సలో పనిచేయు నర్సులు ఒక్కరైనను లేరు, 0.8 వంతు. ఇరువదిలక్షల జనము గల యొక జిల్లాకు ఆ లెక్కను పదునాఱుగురు. వారిని మూడు పూటలకు పంచి, వారపుసెలవులు, ప్రసూతిసెలవులు తీసివేసినచో ఏ పూటకైనను నలుగు రుందురో లేదో. 2015-16లో జరిగిన జాతీయ సర్వే ప్రకారము వయోజనులలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మానసికవ్యాధితో బాధపడుచున్నారు. ఆ ఇరువదిలక్షలలో పెద్దవారు పదునాలుగు లక్షలనుకొన్నను, వ్యాధిగ్రస్తులు లక్షన్నరకు సమీపింతురు. వీరిలో చాలమంది వైద్యమునకు రానేరారు గనుకనే మన యాస్పత్రులు నేడు నిలిచియున్నవి. వారందఱును ఒక్కసారి వచ్చిననాడు ఏమగునో! 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వమువారు ప్రారంభించిన టెలిమానస్ దూరవాణి వలన కొంత మేలున్నది. దూరవాణి ఓదార్పు చెప్పగలదు. రాత్రి రెండుగంటలకు రోగి చేయి పట్టుకొనజాలదు.

గుంటూరు, ప్రకాశము సీమలకు ఈ విషయమున ప్రత్యేకమైన దుఃఖ మొకటి గలదు. 1987-88లో తెల్లదోమ పత్తిచేలను నాశనముచేసినప్పుడు ఈ ప్రాంతమున రైతులు పలువురు ప్రాణములు తీసికొనిరి. అప్పటినుండి చేనికి తెచ్చిన పురుగుమందే చావునకు సాధనమగుట మన పల్లెలకు వింత గాకపోయినది. అట్టివానిని ఆస్పత్రికి తెచ్చినప్పుడు కడుపు కడిగి, అట్రొపిన్ ఎక్కించి, ఊపిరి కనిపెట్టుచు మూడురాత్రులు కూర్చుండునది నర్సే. ప్రాణము నిలిచినపిమ్మట ఏమి? పూర్వము పోలీసువారు వచ్చెడివారు. 2017 నాటి చట్టము అతడు తీవ్రమైన మానసిక వ్యథలో నుండెనని భావింపవలెననియు, అతనికి చికిత్సయు, పునరావాసమును కల్పించుట ప్రభుత్వ బాధ్యత యనియు శాసించినది. ఇది యెంతయు ధర్మసమ్మతము. కాని ఆ రైతుప్రక్కన కూర్చుండి, "ఏమయ్యా, ఎంత అప్పున్నది? ఇంటివద్ద నెవరున్నారు?" అని అడుగుటకు ఒక గంట తీరిక గల మనిషి అచ్చట కావలెను. ఆ గంటను మన ప్రభుత్వము కొన్నదా? కొనలేదు. ఉన్న నర్సుయొక్క భోజనవేళనుండి దానిని తీసికొనుచున్నది.

నర్సులకు గుంటూరు మండలము క్రొత్త కాదు. 1883లో ఇచ్చటికి వచ్చిన అన్నా కుగ్లర్ అను అమెరికా వైద్యురాలు 1898లో ఆస్పత్రి తెఱచినది మొదలుకొని ఈ మండలపు బాలికలు ఆ వృత్తిలో ప్రవేశించుచునే యున్నారు. నేడు నర్సింగు కళాశాలలకు కొదువ లేదు. కొదువ యెల్ల చదివినవారిని నిలుపుకొనుటలోనే. సుప్రీముకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన యాజ్ఞపై ఏర్పడిన సంఘము, ఏబది పడకలకు లోపుగానున్న ప్రైవేటు ఆస్పత్రులలో నర్సు జీతము నెలకు ఇరువదివేల రూపాయలకు తగ్గరాదనియు, ఇన్నూఱు పడకలకు మించినవి రాష్ట్రప్రభుత్వపు నర్సులతో సమానముగా నీయవలెననియు సూచించినది. ఆ సూచన యెంతవఱకు అమలయ్యెనో రాజమార్గము పొడవున నున్న ఆస్పత్రుల నర్సులను అడిగినచో వారే చెప్పగలరు. ప్రభుత్వపు కొలువులో సయితము పలువురు కాంట్రాక్టుమీద నున్నవారే. ఏండ్లతరబడి చేసిన యుద్యోగము రేపు ఉండునో లేదో తెలియనివారు, నీకు భయము లేదని రోగికి చెప్పవలసియున్నది. మఱియు మానసిక చికిత్సలో అనుభవము సంపాదించిన నర్సును బదిలీపేరిట పిల్లలవార్డునకును, ప్రసవవార్డునకును త్రిప్పుట మన సాధారణాస్పత్రులలో వాడుకయైయున్నది. అందుచే అనుభవము నిలువదు. వచ్చిన ప్రతివారును క్రొత్తవారే. చివరకు గల్ఫు దేశములకో, ఐర్లండునకో, ఇంగ్లండునకో విమాన మెక్కుచున్నారు. వారిని నిందించు హక్కు మనకు లేదు. ఒక దేశము తన బిడ్డలకు చదువు చెప్పించి సంపన్నదేశములకు పంపుచు, తన రోగులను ఒంటరిగా విడిచిపెట్టుట యేపాటి స్వరాజ్యమో యోచింపవలసినది పాలకులు.

ప్రతివత్సరము మే 12వ తేదీని నర్సులకు సన్మానములు జరుగుచున్నవి. శాలువలు కప్పుదురు, నైటింగేలును స్మరింతురు, తల్లు లనియు, దేవత లనియు పొగడుదురు. 2020లో చప్పట్లు చరచితిమి, విమానములనుండి పువ్వులు చల్లితిమి. దేవతలకు జీతము, సెలవు, నిద్ర అక్కఱలేదు గనుక ఈ బిరుదము ఖజానాకు మిక్కిలి అనుకూలమైనది. ఇటీవల వేఱొక పద్ధతి బయలుదేఱినది: నర్సులకు ధ్యానమును, ఒత్తిడిని జయించు విధానమును బోధించుట. ధ్యానము మంచిదే. అయితే పండ్రెండుగంటల కొలువు ముగిసినపిమ్మట, ఇంటికి పోనీయక కూర్చుండబెట్టి నేర్పిన ధ్యానము మఱియొక గంట కొలువే యగును.

మా యభిప్రాయములో మొట్టమొదట కావలసినది మానసిక చికిత్సకు వేఱొక నర్సుల వర్గము. ఇందు చేరినవారిని, వారి కోరికమీద దప్ప, వేఱుచోటికి త్రిప్పరాదు. ఒక పూటకు, ఇంతమంది రోగులకు ఇంతమంది నర్సులని ప్రభుత్వము ఉత్తరువు వెలువరించి, ఆ సంఖ్యను ప్రతి వార్డు వాకిట తెలుగులో వ్రాయింపవలెను. అప్పుడు కొఱత యేదియో రోగి బంధువులకే తెలియును. వారి కోపము నర్సుమీదికి పోక పోవలసినచోటికి పోవును. దెబ్బలు తిన్న నర్సుచేత మరునాడే అదే వార్డులో కొలువు చేయించుట మానవలెను. వైద్యసిబ్బందిపై దౌర్జన్యమును శిక్షించు చట్టము ఈ రాష్ట్రమున 2008నుండి యున్నది. రోగి తెలియక చేసినదానికి అది వర్తింపజేయుమని మేము కోరము గాని, తెలిసి చేయు బంధువులకైనను వర్తింపవలెను గదా! వారమున కొకమారు వార్డు నర్సులందఱును కూర్చుండి, ఆ వారము తమకు దుస్సహమైన దేదియో వైద్యుని సమక్షమున చెప్పుకొనుట కొక గంట కొలువులోనే కేటాయింపవలెను. దీనికి వ్యయము స్వల్పము. ఇట్టి చిన్నపనులు కావుననే జరుగుటలేదు కాబోలు.

కుటుంబమును చికిత్సలో కలుపుకొనుట మన దేశమున పరీక్షింపబడిన పద్ధతియే. 1950 తరువాతి దశకమున అమృతసరములో డాక్టరు విద్యాసాగర్ రోగుల బంధువులను ఆస్పత్రి యావరణలోనే గుడారములలో నుంచి, వారిచేతనే శుశ్రూష చేయించెను. వెల్లూరులో గూడ ఆ పద్ధతి ననుసరించిరి. ఇది నర్సుల కొఱతకు మాఱు కాదు. అన్నము పెట్టుట, స్నానము చేయించుట బంధువులు చూచుకొన్నచో, వినవలసినది వినుటకు నర్సునకు తీరిక చిక్కును. అంతే.

పెదకాకాని సంగతికి వత్తము. గుజరాతులోని మీరాదాతార్ దర్గాయందు 2008నుండి ఒక యేర్పాటు గలదు. దుఆ చేయించుకొనవచ్చిన రోగిని అచ్చటి ముజావర్లే ప్రక్కగదిలోని వైద్యునియొద్దకు పంపుదురు. దుఆయు, దవాయు రెండును నడచును. తరువాత ఏర్వాడిలోను దాని ననుసరించిరి. మల్లేశ్వరస్వామి వాకిటను, బాజీబాబా దర్గా వాకిటను జనసమ్మర్దము గల దినములలో అట్టి గది యొకటి తెఱచుటకు దేవస్థానమువారును, దర్గావారును అడ్డుచెప్పుదురని మేము తలంపము. గది దొరకును, బల్ల దొరకును, మందులును దొరకును. అచ్చట కూర్చుండవలసిన నర్సు ఆ దినమున గుంటూరు వార్డులో ఇద్దఱి పని యొక్కతెయే చేయుచుండును. 2028 మే నెలకు ముందుగా ఈ జిల్లాకు ఎందఱు మానసిక చికిత్సా నర్సులను నియమింతురో, ఏ నెలలో నియమింతురో ఆరోగ్యమంత్రిగారు శాసనసభలో సంఖ్యతో సహా చెప్పవలెనని కోరుచున్నాము.